ఆకాశంలో ఆ మచ్చ ఎవరిది?

చందమామలో మచ్చ అందం. మరి నీలాకాశంలో మచ్చ? అదీ తీసిన ప్రతి ఫొటోలో, సరిగ్గా ఒకే చోట? భీమిలి సముద్రం మీద అదే. అరకు కొండల మీద అదే. చార్మినార్ వెనక ఆకాశంలోనూ అదే. బూడిదరంగులో, గుండ్రంగా, అంచులు మసకగా. మొదట పిట్ట కాబోలు అనుకుంటారు. తర్వాత లెన్స్ మీద మరకేమోనని కర్చీఫు అంచుతో తుడుస్తారు. తుడిచినా పోదు. అప్పుడు మొదలవుతుంది బెంగ... కెమెరా పాడైపోయిందా?

పాడవలేదు. పిలవని చుట్టం ఒకటి లోపలికొచ్చి కూర్చుంది. దాని పేరు దుమ్ము!

ఫోన్లొచ్చాక బీరువా అడుగుకు చేరిన బుల్లి డిజిటల్ కెమెరాలు మళ్లీ బయటికొస్తున్నాయి. 2000ల నాటి ఫొటోల్లో ఉండే ఆ తీరు కావాలంటూ కాలేజీ పిల్లలు నాన్న వాడి పక్కన పెట్టిన కెమెరాకి కొత్త బ్యాటరీ కొని వాడుతున్నారు. మరోపక్క రికో జీఆర్, ఫ్యూజీ ఎక్స్100 లాంటి ఖరీదైన కాంపాక్ట్ కెమెరాలను ముచ్చటపడి కొనేవాళ్లూ ఉన్నారు. పాతదైనా కొత్తదైనా వీటన్నిటిదీ ఒకటే లక్షణం. లెన్స్ ఊడదు. కాబట్టి లోపల దుమ్ము పడితే మనంతట మనం తుడిచే దారీ ఉండదు. ఆ తుడిచే తొందరలోనే చాలామంది మచ్చ కంటే పెద్ద నష్టం తెచ్చుకుంటుంటారు.

కొలిమితిత్తిలాంటి లెన్స్

లెన్స్ ఊడనప్పుడు దుమ్మెలా వెళ్తుంది? ఇది అందరికీ వచ్చే అనుమానమే. ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో లెన్స్ మార్చేటప్పుడు దుమ్ము పడుతుంది. అది కళ్లకు కనిపించే కారణం. కాంపాక్ట్ కెమెరాలో కారణం జూమ్. కెమెరా ఆన్ చేయగానే లెన్స్ గొట్టం ఒకదాన్లోంచి ఒకటిగా బయటికొస్తుంది. ఆఫ్ చేస్తే లోపలికి ముడుచుకుంటుంది. గొట్టం సాగినప్పుడు లోపల ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని నింపడానికి గొట్టాల మధ్య సందుల్లోంచి బయటి గాలి వెళ్తుంది. కంసాలి కొలిమితిత్తి గాలి పీల్చినట్టే. గాలితో పాటు అందులో తేలే నలుసులూ వెళ్తాయి.

ఇక ఆ కెమెరా ఉండేదెక్కడ? ప్యాంటు జేబులో, హ్యాండ్‌బ్యాగులో. జేబు నిండా నూలుపోగులు. బ్యాగులో పౌడరు, కుంకుమ, బిస్కెట్ పొడి. రోజుకు పాతికసార్లు ఆన్, ఆఫ్ చేస్తే అన్నిసార్లూ తిత్తి ఊదినట్టే. పైగా కొంత దుమ్ము ఇంటి దొంగ. కదిలే ప్లాస్టిక్ భాగాలు ఒరుసుకున్నప్పుడు రాలే సన్నటి పొడి అది.

అలా వెళ్లిన నలుసు సెన్సర్ ముందు వాలుతుంది. సెన్సర్ అంటే ఫిల్ము బదులుగా వెలుతురును పట్టుకునే చిప్పు. దాని మీద పల్చటి గాజు పలక ఉంటుంది. దుమ్ము పడేది ఆ గాజు మీదే. మనకు ఫొటోలో కనిపించే మచ్చ నిజానికి ఆ నలుసు నీడ.

చిన్న కెమెరాలో ఈ నీడ పెద్దగా కనిపించడానికి ఓ లెక్క ఉంది. మన వెంట్రుక మందంలో, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉన్న నలుసును తీసుకుందాం. పెద్ద కెమెరాల్లోని ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. అందులో ఆ నలుసు 720వ వంతు. మామూలు కాంపాక్ట్ కెమెరా సెన్సర్ వెడల్పు ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో అదే నలుసు దాదాపు 120వ వంతు. 4×6 సైజులో ప్రింటు వేయిస్తే మొదటిదాంట్లో మచ్చ మిల్లీమీటరులో అయిదో వంతు, ఎవరికీ ఆనదు. రెండోదాంట్లో మిల్లీమీటరు దాటుతుంది. అమ్మమ్మ నుదుటి మీద పడితే రెండో బొట్టే!

బీచ్‌లో ఉంది... పెళ్లిలో లేదేం?

ఇదో వింత. పెళ్లి ఫొటోల్లో ఎక్కడా మచ్చ ఉండదు. మర్నాడు బీచ్‌లో తీసిన వాటిలో మాత్రం ఉంటుంది. రాత్రికి రాత్రే దుమ్ము పడిందా అంటే, అక్కర్లేదు. ఎప్పుడో పడి ఉండొచ్చు.

ట్యూబ్‌లైటు కింద వేలు పెట్టి చూడండి. గోడ మీద నీడ పల్చగా, అలికినట్టు పడుతుంది. అదే వేలిని చిన్న టార్చిలైటు ముందు పెడితే నీడ కత్తిరించినట్టు వస్తుంది. వెలుతురొచ్చే చోటు వెడల్పుగా ఉంటే నీడ చెదిరిపోతుంది. సన్నగా ఉంటే ముదురుతుంది. లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని అపెర్చర్ అంటారు. దాన్ని ఎఫ్2.8, ఎఫ్4, ఎఫ్8 అంటూ అంకెల్లో చెబుతారు. అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. కల్యాణమండపంలో వెలుతురు తక్కువ కాబట్టి కెమెరా రంధ్రాన్ని పెద్దగా తెరుస్తుంది. దుమ్ము నీడ చెదిరిపోయి కనిపించదు. బీచ్‌లో ఎండ ఎక్కువ. రంధ్రం చిన్నదవుతుంది, నీడ ముదురుతుంది. దానికి తోడు వెనక అంతా సాదా ఆకాశం. పట్టుచీర జరీలో, చెట్ల ఆకుల్లో దాక్కునే మచ్చ అక్కడ దాక్కోలేదు.

పూర్తిగా జూమ్ చేసినా ఇదే తంతు. చాలా కాంపాక్ట్ కెమెరాల్లో జూమ్ చేసే కొద్దీ ఎఫ్ అంకె దానంతటదే పెరుగుతుంది. అందుకే దూరంలోని గుడి గోపురాన్ని దగ్గరగా లాగి తీసినప్పుడు మచ్చ మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది.

దొంగ ఎవరో తేల్చుకోండి

ఫొటోలో కనిపించే ప్రతి మచ్చా సెన్సర్ మీది దుమ్ము కాదు. చికిత్సకు ముందు రోగం తెలియాలి కదా.

ఫ్లాష్ ఫొటోలో తెల్లటి గుండ్రాలు తేలుతూ కనిపించాయా? వాటిని చూసి దయ్యమనీ, దేవుడి మహిమ అనీ అనుకునేవాళ్లున్నారు. అవి గాల్లోని దుమ్ము కణాలు. బుల్లి కెమెరాలో ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి దగ్గరగా ఎగిరే నలుసు మెరిసి ఫొటోలో పడుతుంది. వెంటనే ఇంకో ఫొటో తీస్తే అవి చోటు మారిపోతాయి. కెమెరాకు ఏ జబ్బూ లేనట్టే.

చీకట్లో తీసిన ఫొటోలో ఎరుపో ఆకుపచ్చో తెలుపో రంగులో సూదిమొనంత చుక్క ఎప్పుడూ ఒకేచోట మెరుస్తోందా? అది హాట్ పిక్సెల్. సెన్సర్‌లోని ఒక గడి సరిగా పనిచేయకపోవడం. దుమ్ము మచ్చ ఎప్పుడూ నల్లగానో బూడిదగానో ఉంటుంది తప్ప ఇలా మెరవదు.

ఎండకు ఎదురుగా తీస్తే ఫొటో అంతా పాలిపోయినట్టుందా? లెన్స్ ముందు గాజు మీద వేలిముద్రలున్నాయేమో చూడండి. ఇది గుడ్డతో తుడిస్తే పోతుంది. లెన్స్‌లోకి తొంగిచూస్తే సాలెగూడులాంటి తీగలు కనిపిస్తే మాత్రం అది బూజు. వానాకాలపు చెమ్మ దానికి మూలం.

ఇవేవీ కాదనుకుంటే ఇంట్లోనే చిన్న పరీక్ష. కెమెరాను ‘ఎ’ లేదా ‘ఎవీ’ మోడ్‌లో పెట్టి ఎఫ్8 గానీ, అందులో ఉన్న పెద్ద అంకె గానీ ఎంచుకోవాలి. ఐఎస్‌వో 100. ఫ్లాష్ వద్దు. ఎదురుగా సున్నం వేసిన తెల్లగోడ, లేదంటే కంప్యూటర్ తెర మీద ఖాళీ తెల్ల పేజీ. ఫొటో తీస్తున్నప్పుడు కెమెరాను కావాలనే కాస్త అటూ ఇటూ కదపాలి. గోడ మీద మరకలుంటే అవి అలుక్కుపోతాయి. సెన్సర్ మీది దుమ్ము కెమెరాతో పాటే కదులుతుంది కాబట్టి దాని మచ్చ ఉన్నచోటే ఉంటుంది. ఆ మోడ్ లేని సాదా కెమెరా అయితే బాగా జూమ్ చేసి, సూర్యుడు లేని వైపు ఆకాశాన్ని తీస్తే సరి. అలాంటి కెమెరాలు కొన్నిటిలో రంధ్రాన్ని చిన్నది చేసే ఏర్పాటే ఉండదు. బదులుగా నల్ల గాజు అడ్డం వస్తుంది. కాబట్టి జూమే వాటికి దిక్కు.

ఇప్పుడు జూమ్ మార్చి మరో రెండు ఫొటోలు తీయండి. మచ్చ అంగుళం కూడా కదలకుండా అదే చోట ఉంటే అది సెన్సర్ మీదే. జూమ్‌తో పాటు చోటు, సైజు మారిపోతుంటే లెన్స్ గాజుల మధ్య ఉన్నట్టు. ఈ రెండో రకం ఫొటోలను పాడుచేసేది చాలా తక్కువ. దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఈ సాహసాలు వద్దు

దుమ్ము ఉందని తేలాక చేతులు ఊరుకోవు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారు. అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది వ్యాక్యూమ్ క్లీనర్ చిట్కా. లెన్స్ చుట్టూ ఆ గొట్టం పెట్టి, జూమ్ ముందుకూ వెనక్కూ జరుపుతూ దుమ్మును లాగేయడం. కొందరికి ఇది పనిచేస్తుంది కూడా. మచ్చ పోతుంది, లేదా ఓ మూలకు జరుగుతుంది. కానీ లెన్స్‌ను నడిపేవి గోరంత పళ్లచక్రాలు. లోపల చేతి వణుకును సరిచేసేందుకు తేలుతూ ఉండే గాజు, రెక్కల్లాంటి పల్చటి షట్టర్ రేకులు. ఆ లాగుడుకు వీటిలో ఏది గాడి తప్పినా కెమెరా మళ్లీ తెరుచుకోదు. వారంటీ ఉన్న కెమెరాతోనైతే అసలు పనికిరాదు.

నోటితో ఊదితే తుంపర పడుతుంది. డబ్బాలో అమ్మే గాలిని సందుల్లోకి కొడితే బయటున్న దుమ్మూ లోపలికి పోతుంది. డబ్బాను వంచితే చల్లటి ద్రవం చిమ్మి గాజు మీద మరకలు కడుతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడికి లోపలి జిగురు వదులవుతుంది. అరచేతిలో కెమెరాను టపటపా కొట్టడం సంగతి చెప్పనే అక్కర్లేదు.

చెమ్మ లాగేస్తుందని కెమెరాను బియ్యం డబ్బాలో దాచేవాళ్లూ ఉన్నారు. బియ్యానికి అంటుకుని ఉండే తవుడు, పిండి సన్నటి దుమ్మే కదా. ఉన్న దుమ్ము చాలక కొత్తది పెట్టినట్టు!

అన్నిటికన్నా ప్రమాదకరమైనది స్క్రూడ్రైవర్. వీడియోలు చూసి ఇంట్లో పిల్లలు కెమెరా విప్పడానికి కూర్చుంటే వెంటనే ఆపాలి. ఫ్లాష్ వెలగడానికి లోపల కెపాసిటర్ ఉంటుంది. అందులో సుమారు 300 వోల్టుల కరెంటు దాగి ఉంటుంది. బ్యాటరీ తీసేసినా అది కొంతకాలం అలాగే నిలిచి ఉండొచ్చు. తెలియక వేలు తగిలితే గట్టి షాక్ కొడుతుంది. అది తప్పినా మరో చిక్కుంది. సెన్సర్‌ను లెన్స్‌కు ఎదురుగా ఎంతో కచ్చితంగా బిగించి ఉంటారు. విప్పి మళ్లీ పెట్టేటప్పుడు వెంట్రుకవాసి వాలినా ఫొటోలో ఒకవైపు స్పష్టంగా, మరోవైపు మసకగా వస్తుంది. మచ్చ పోయి మసక మిగులుతుంది.

ఫొటోలోనే తుడిచేయొచ్చు

మరి దారేది? కెమెరాను ముట్టుకోకుండా మచ్చను పోగొట్టడమే అన్నిటికన్నా సులువు. 2015 గోదావరి పుష్కరాల్లో రాజమండ్రి ఘాట్‌లో తీసుకున్న కుటుంబం ఫొటో ఉందనుకుందాం. అందులోని తాతయ్య ఇప్పుడు లేకపోవచ్చు. ఆ ఫొటో మళ్లీ తీయలేం. కానీ మచ్చ తుడవగలం.

ఇందుకు ఫొటో సాఫ్ట్‌వేర్లలో ‘హీలింగ్’ అనే పరికరం ఉంటుంది. 2002లో వచ్చిన ఫొటోషాప్ 7తో ఇది బాగా పేరుపొందింది. ఇప్పుడు ఉచితంగా దొరికే గింప్‌లోనూ, ఫోన్‌లో వాడే స్నాప్‌సీడ్‌లోనూ ఉంది. మచ్చ మీద ఒక నొక్కు నొక్కితే చుట్టుపక్కల రంగును తెచ్చి అక్కడ పూస్తుంది. ఆకాశంలోని మచ్చకైతే అరనిమిషం పని. ముఖం మీదో చీర అంచు మీదో పడితే కాస్త ఓపిక కావాలి. ఫొటోను పెద్దది చేసుకుని, చిన్న బ్రష్‌తో మెల్లగా అద్దాలి.

దుమ్ము మచ్చలో ఓ మంచి గుణముంది. ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. అందుకే లైట్‌రూమ్‌లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫొటోలో చేసిన దిద్దుబాటును ఆ రోజు తీసిన వంద ఫొటోలకూ ఒక్కసారే వర్తింపజేయొచ్చు. 2013లో వచ్చిన లైట్‌రూమ్ 5 నుంచి మచ్చలన్నిటినీ నలుపు తెలుపుల్లో ఎత్తిచూపే సదుపాయమూ ఉంది. అయితే దిద్దాక ప్రతి ఫొటోనూ ఒకసారి చూసుకోవాలి. ఆకాశం ఉన్నచోట బాగా కుదిరింది, వేరే ఫొటోలో అదే చోట పాప కన్నుంటే కొంప మునుగుతుంది. ఒరిజినల్ ఫొటోను మాత్రం ఎప్పుడూ చెరపకూడదు. కాపీ మీదే పనిచేయాలి.

ఈ బెడద ఖగోళ శాస్త్రవేత్తలకూ తప్పదు. టెలిస్కోపుకు బిగించిన కెమెరా మీదా దుమ్ము పడుతుంది. నక్షత్రాల ఫొటోల్లో గారెల్లా నడుమ చిల్లున్న నీడలు కనిపిస్తాయి. వాళ్లు ప్రతిసారీ విప్పి తుడవరు. సంధ్యవేళ సాదా ఆకాశాన్ని విడిగా ఫొటో తీసి, అందులో ఎక్కడెక్కడ నీడలున్నాయో చూసి, అసలు ఫొటోలోంచి లెక్క ప్రకారం తీసేస్తారు. అంతటివాళ్లే దుమ్ముతో సర్దుకుపోతున్నారు!

ఫొటో తీసేటప్పుడూ ఓ ఉపాయం ఉంది. ఎఫ్8 బదులు ఎఫ్4 దగ్గర తీస్తే చాలా మచ్చలు వాటంతటవే పల్చబడిపోతాయి. ఆకాశాన్ని తగ్గించి మనుషులను దగ్గరగా తీసినా అంతే.

దుకాణానికి వెళ్లక తప్పకపోతే...

మచ్చలు ఒకటి రెండు కాక పదయ్యాయి. లేదా సరిగ్గా నడిమధ్యలో పెద్దది ఒకటి పడింది. అప్పుడు సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సిందే. కెమెరా విప్పి సెన్సర్‌ను శుభ్రం చేసి మళ్లీ కచ్చితంగా బిగించడం అలవాటున్నవాళ్ల పని. వెళ్లేటప్పుడు తెల్లగోడ పరీక్షలో తీసిన ఫొటోను వెంట తీసుకెళ్లాలి. ఎక్కడుందో చూపిస్తే సగం పని అయినట్టే. లెన్స్ బొమ్మను తలకిందులు చేస్తుంది కాబట్టి ఫొటోలో పైనున్న మచ్చకు కారణమైన నలుసు సెన్సర్ కింది భాగంలో ఉంటుంది.

మెమరీ కార్డు ఇంట్లోనే తీసి ఉంచుకోవాలి. ఖర్చెంతో ముందే అడగాలి. సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోవాలి. తిరిగి తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే అదే పరీక్ష మళ్లీ చేయాలి. నాలుగు మూలలూ ఒకేలా స్పష్టంగా ఉన్నాయో లేదో కూడా చూడాలి.

పాత కెమెరాకైతే ఇంకో ఆలోచన కావాలి. కొన్ని సంస్థలు ఈ వ్యాపారమే వదిలేశాయి. కాసియో 2018లో కాంపాక్ట్ డిజిటల్ కెమెరాల నుంచి తప్పుకుంది. ఒలింపస్ తన కెమెరా వ్యాపారాన్ని 2021లో వేరే చేతులకు అప్పగించింది. ఒక భాగం విరిగితే మరోటి దొరకడం కష్టం. అలాంటి కెమెరాను దుమ్ము కోసం విప్పించడం కన్నా మచ్చతోనే వాడుకోవడం తెలివైన పని. కొత్తవి కొనేవాళ్లు మాత్రం ముందే చూసుకోవచ్చు. సెన్సర్ ముందుండే గాజును కంపింపజేసి దుమ్ము దులిపే పద్ధతిని 2003లో ఒలింపస్ ఇ-1 అనే ఎస్ఎల్ఆర్‌తో తెచ్చింది. లెన్స్ ఊడని కెమెరాల్లో 2019లో వచ్చిన రికో జీఆర్ 3కి అలాంటి ఏర్పాటుంది. 2020 నాటి ఫ్యూజీ ఎక్స్100వికి ముందు ఓ రింగు, ఫిల్టరు బిగిస్తే దుమ్మూ చినుకులూ లోపలికి వెళ్లడం తగ్గుతుంది. లెన్స్ బయటికి సాగకుండా లోపలే జూమ్ అయ్యే ‘టఫ్’ రకం కెమెరాలూ ఉన్నాయి. పుప్పొడిలా గులాల్ ఎగిరే హోలీకి, వినాయక నిమజ్జనానికి అవే నయం.

రాకుండా చూసుకుంటే...

కెమెరాను ఉత్త జేబులో పెట్టకుండా చిన్న పౌచ్‌లో పెట్టండి. ఆ పౌచ్‌ను నెలకోసారి తిరగేసి దులపండి. దుమ్ము రేగే చోట, మేడారం జాతరలో గానీ ఇసుక రేవులో గానీ, అదేపనిగా ఆన్ ఆఫ్ చేయొద్దు. అవసరం లేకుండా జూమ్ జరపొద్దు. సముద్రపు ఇసుక మరీ చెడ్డది. రేణువు గొట్టాల మధ్య ఇరుక్కుంటే లెన్స్ అక్కడే బిగుసుకుపోతుంది. ఆఫ్ చేసేముందు బయటికొచ్చిన గొట్టాన్ని మెత్తటి బ్రష్‌తో ఓసారి తుడవాలి. కెమెరాను కిందికి వంచి తుడిస్తే దుమ్ము నేలకు రాలుతుంది. వానాకాలంలో మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచితే బూజు భయం ఉండదు. నెలకోసారి తీసి వాడితే ఇంకా మంచిది.

ఫోన్ కెమెరా లెన్సూ ఊడనిదే. కానీ అది ముందుకు సాగదు కాబట్టి గాలి పీల్చదు. ఐపీ68 అని రాసి ఉన్న ఫోన్లలో మొదటి అంకె 6కి అర్థమే దుమ్ము చొరబడదని. అందులో ఫొటో మసకబారితే నూటికి తొంభై పాళ్లు బయటి గాజు మీది వేలిముద్రే కారణం. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

మచ్చ కోసం కెమెరాను చంపుకోవద్దు. మచ్చ ఉన్న ఫొటోను రేపైనా దిద్దుకోవచ్చు. కెమెరా రిపేరులో ఉన్నందుకు తీయని ఫొటోను ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు.